మిన్నెసోటాలో ఫర్నేస్, ఏసీ మార్పు: మూడు కొటేషన్ల మధ్య ఇంత తేడా ఎందుకు, లైసెన్సు ఎలా చూసుకోవాలి?

ప్లిమత్_ఇల్లు:
అందరికీ నమస్కారం. మిన్నియాపొలిస్ శివారు ప్లిమత్‌లో 1994లో కట్టిన రెండంతస్తుల ఇల్లు మాది, బేస్‌మెంట్ కాక సుమారు 2,200 చదరపు అడుగులు ఉంటుంది. గ్యాస్ కాల్చి ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్, ఏసీ రెండూ ఇల్లు కట్టినప్పటివే. ఫర్నేస్ 80 శాతం సామర్థ్యం గలది. పక్కనే ఉన్న గ్యాస్ వాటర్ హీటర్ కూడా అదే పొగగొట్టంలోకి పొగ వదులుతుంది. ఏటా చేయించే తనిఖీకి వచ్చిన సాంకేతికుడు ఫర్నేస్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) పగులు ఉందని చెప్పడంతో రెండూ ఒకేసారి మార్చేద్దామని మూడు కొటేషన్లు తీసుకున్నాను.

మొదటివారు లక్ష బీటీయూల (గంటకు ఇచ్చే వేడికి కొలత) ఫర్నేస్, 3 టన్నుల ఏసీ కలిపి 9,200 డాలర్లు అన్నారు. కొటేషన్ అంతా కలిపి నాలుగు పంక్తులు మాత్రమే. పనికి నగరం ఇచ్చే పర్మిట్ నా పేరు మీద నేనే తీసుకుంటే ఇంకో మూడు వందలు తగ్గిస్తామన్నారు. రెండోవారు 80,000 బీటీయూల రెండు దశల ఫర్నేస్, అంతే టన్నుల ఏసీ, పర్మిట్, పొగగొట్టానికి లైనర్ (లోపల దింపే సన్నటి గొట్టం) కలిపి 13,600 చెప్పారు. మూడోవారు 60,000 బీటీయూల ఫర్నేస్‌తో పాటు ఏసీ స్థానంలో హీట్ పంప్ (చల్లబరచడమే కాక, చలికాలంలో బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రం) పెడతామని 18,900 అడిగారు. ఆ రాత్రికే సంతకం చేస్తే 1,500 తగ్గిస్తామని, పైగా ఫెడరల్ పన్నులో 2,000 డాలర్లు వెనక్కి వస్తాయని చెప్పారు.

మొదటివారిని లైసెన్సు నంబరు అడిగితే, మిన్నెసోటాలో ఈ పనికి రాష్ట్ర లైసెన్సే లేదని నవ్వేశారు. ఇది నిజమేనా? నిజమైతే ఎవరిని దేన్ని బట్టి నమ్మాలి?

కొలిమివాడు:
నేను ఇక్కడ మెకానికల్ ఇంజినీరుగా భవనాల తాపన, శీతలీకరణ పనులే చూస్తుంటాను కాబట్టి ముందు లైసెన్సు సంగతి చెబుతాను. ఆయన చెప్పింది సగం నిజం. ఇళ్లలో ఫర్నేస్, ఏసీ బిగించే పనికి మిన్నెసోటా రాష్ట్రం విడిగా లైసెన్సు ఇవ్వదు. దానికి బదులు మెకానికల్ కాంట్రాక్టరు రాష్ట్ర కార్మిక, పరిశ్రమల శాఖ దగ్గర 25,000 డాలర్ల బాండ్ దాఖలు చేయాలి. ఆ బాండ్ అమలులో ఉందో లేదో శాఖ వెబ్‌సైటులో సంస్థ పేరు పెట్టి వెతికితే తెలుస్తుంది. దీనికి మీరు ఆయనను అడగనక్కరలేదు.

అయితే బాండ్‌ను బీమాగా పొరబడకూడదు. కాంట్రాక్టరు రాష్ట్ర మెకానికల్ కోడ్‌ను పాటించకపోవడం వల్ల ఎవరైనా నష్టపోతే వారికోసం ఉన్న హామీ అది. అంతేగాని మీరు ఎక్కువ ధర పెట్టారనో, ఏసీ అనుకున్నంత చల్లబరచలేదనో దాని నుంచి డబ్బు రాదు. పైగా ఆ పాతికవేలు మీ ఒక్కరికే కాదు, నష్టపోయిన ఖాతాదారులందరూ పంచుకోవలసినవి. ఇంటి నిర్మాణ కాంట్రాక్టర్ల చేతిలో మోసపోయినవారికి రాష్ట్రం నడిపే కాంట్రాక్టర్ రికవరీ ఫండ్ ఒకటి ఉంది గాని, అది రాష్ట్ర లైసెన్సు ఉన్న నిర్మాణ, రీమోడలింగ్ కాంట్రాక్టర్లతో చేసిన పనికే వర్తిస్తుంది. ఒక్క ఫర్నేస్ పనే చేసేవారికి ఆ లైసెన్సు అక్కరలేదు కాబట్టి వారి ఖాతాదారుకు ఆ నిధి రక్షణ కూడా ఉండదు. మనవాళ్లలో చాలామందికి ఈ లోటు తెలియదు.

రాష్ట్రం వదిలేసిన చోట కొన్ని నగరాలు పట్టుకుంటాయి. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ నగరాలలో పనివాడు పరీక్ష రాసి యోగ్యతా పత్రం పొందాలి. శివారు ఊళ్లలో పద్ధతి ఊరిని బట్టి మారుతుంది, కాబట్టి మీ నగర భవన తనిఖీ విభాగానికి ఫోన్ చేసి, ఫలానా సంస్థ ఇక్కడ మెకానికల్ పర్మిట్ తీసుకోవడానికి అర్హత కలిగి ఉందా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఇక ఏసీలోని శీతలకాన్ని ముట్టుకునే వ్యక్తికి ఫెడరల్ పర్యావరణ సంస్థ వారి సెక్షన్ 608 ధ్రువీకరణ తప్పనిసరి. అది సంస్థకు కాక మనిషికి ఇచ్చే కార్డు కాబట్టి, పని రోజున మీ ఇంటికి వచ్చినవాడి జేబులోనే ఉండాలి. కొత్తగా కరెంటు సర్క్యూట్ లాగవలసి వస్తే దానికి రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సు, వేరే పర్మిట్ కావాలి.

పగులు సంగతి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ల ఫర్నేస్‌లో పగులు ఉండడం వింతేమీ కాదు గాని, అమ్మకాలకు వాడే పాత ఆయుధం కూడా అదే. కెమెరాతో తీసిన ఫొటో, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు కొలత అంకెలతో సహా ఇవ్వమనండి. ఇవ్వలేకపోతే ఇంకొకరికి చూపించండి. ఈలోగా ప్రతి పడకగదికి 10 అడుగుల లోపు ఆ వాయువును పసిగట్టే అలారం ఉందో లేదో చూసుకోండి. అది ఈ రాష్ట్రంలో చట్టం కూడా.

అయోవా_అన్నయ్య:
పక్క రాష్ట్రాల సంగతి వేరు. మా అయోవాలో ప్లంబింగ్, మెకానికల్ పనులకు రాష్ట్ర బోర్డే లైసెన్సు ఇస్తుంది. విస్కాన్సిన్‌లో రాష్ట్ర శాఖ దగ్గర కాంట్రాక్టరు నమోదు కావాలి. సరిహద్దు దాటి వచ్చి పనిచేసేవారు తమ సొంత రాష్ట్రపు కార్డు చూపించి ఇదే లైసెన్సు అంటుంటారు. మిన్నెసోటాలో దానికి విలువ లేదు, బాండ్ ఇక్కడే వేసి ఉండాలి.

చౌకబేరం:
నా అభిప్రాయం కొంచెం వేరు. పర్మిట్ అంటే నగరానికి కట్టే దండుగ. వచ్చిన ఇన్‌స్పెక్టరు టార్చి వేసి, స్టిక్కర్ అతికించి పోతాడు. నేను పోయిన ఇంట్లో పర్మిట్ లేకుండానే మంచి పనివాడితో ఫర్నేస్ మార్పించాను, అది ఇప్పటికీ నడుస్తోంది. పని చేతిలో ఉంటుంది గాని కాగితంలో ఉండదు. 9,200 చెప్పిన ఆయన పనితనం గురించి ఇరుగుపొరుగును విచారించి ఆయనకే ఇవ్వండి.

సెయింట్‌పాల్_పాతిల్లు:
చౌకబేరం గారూ, పనితనం ముఖ్యమన్న మాటతో ఏకీభవిస్తాను. కాని ఇక్కడ అడుగుతున్నది పర్మిట్ లేకుండా పోనివ్వడం కాదు, ఇంటి యజమాని పేరు మీద తీసుకోమనడం. సొంతంగా ఉంటున్న ఇంట్లో యజమాని స్వయంగా చేసుకునే పని కోసం ఉన్న వెసులుబాటు అది. దాని కింద మనం సంతకం పెడితే పని బాధ్యత మనదని నగరానికి రాసిచ్చినట్టే, తనిఖీలో తప్పు దొరికితే నోటీసు కూడా మనకే వస్తుంది. సొంత బాండ్ ఉన్నవాడు సొంత పేరు మీద పర్మిట్ తీసుకోవడానికి ఎందుకు వెనకాడుతున్నాడన్నదే అసలు అనుమానం. మూడు వందల తగ్గింపుకు అర్థం అక్కడే ఉంది.

ఇక ప్లిమత్ గారూ, మీ మొదటి కొటేషన్‌లో ధర కన్నా నన్ను భయపెట్టినది వాటర్ హీటర్. ఇప్పుడు మీ పొగగొట్టాన్ని వేడిగా ఉంచుతున్నది పాత ఫర్నేస్. కొత్తది 90 శాతం పైబడిన సామర్థ్యం గలదైతే దాని పొగ అసలు ఆ గొట్టంలోకి పోదు, పక్క గోడలోంచి పీవీసీ పైపు ద్వారా బయటికి పోతుంది. అంత పెద్ద పొగగొట్టానికి చిన్న వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. దాని పొగకు గొట్టాన్ని వేడెక్కించే శక్తి చాలదు కాబట్టి ఆవిరి లోపలే నీరుగా మారి ఇటుకను తినేస్తుంది, చలి ఎక్కువైన రోజున పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకి వస్తుంది. అందుకే రెండోవారు లైనర్ రాశారు. మొదటివారు దాన్ని రాయలేదంటే, మీకు చెప్పకుండా వదిలేశారు లేదా పని మధ్యలో అదనంగా అడుగుతారు.

మన ఇళ్లలో దీనికి ఇంకో మెలిక ఉంది. పోపు ఘాటు భరించలేక మనం పెద్ద పెద్ద వంటింటి హుడ్‌లు పెట్టించుకుంటాం. శీతాకాలంలో కిటికీలన్నీ బిగించి ఉండగా అది పూర్తి వేగంతో తిరిగితే, బయటికి పోయిన గాలి ఎక్కడో ఒకచోటి నుంచి లోపలికి రావాలి, అన్నిటికన్నా సులువైన దారి వాటర్ హీటర్ పొగగొట్టమే. నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటిన హుడ్ ఉంటే, అది బయటికి తోసిన గాలి స్థానంలో కొత్త గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని అమెరికా నివాస కోడ్ చెబుతుంది, మిన్నెసోటా లెక్క వేరుగా ఉంది. వంటింటి హుడ్ ఆన్ చేసి, వాటర్ హీటర్ నెత్తిన పొగగొట్టం మొదలయ్యే చోట తెరిచి ఉండే డ్రాఫ్ట్ హుడ్ దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ గొట్టంలోకి పోకుండా మీ ముఖం మీదికి వస్తే ఇప్పటికే సమస్య ఉన్నట్టు.

లెక్కలపిచ్చి:
ఒకే ఇంటికి లక్ష, ఎనభై వేలు, అరవై వేలు అని ముగ్గురు మూడు సైజులు చెప్పారు. వీరిలో ఎవరైనా గదిగదికీ కిటికీలు, గోడలు కొలిచి మాన్యువల్ జె (ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చే ప్రామాణిక పద్ధతి) లెక్క వేశారా? చల్లని జనవరి నెల గ్యాస్ బిల్లులో ఎన్ని థర్మ్‌లు (గ్యాస్ వాడకానికి కొలత) ఉన్నాయో, గ్యాస్‌తో ఇంకేమేం నడుస్తాయో చెప్పండి, ఇక్కడే తేల్చేద్దాం.

ప్లిమత్_ఇల్లు:
కొలిచినవారు మూడోవారొక్కరే. మొదటాయన పాత ఫర్నేస్ మీది లేబుల్ చూసి అదే సైజు రాసుకున్నారు. జనవరిలో 190 థర్మ్‌లు వచ్చాయి. వాటర్ హీటర్, వంట పొయ్యి కూడా గ్యాస్‌వే. వేసవి బిల్లులో అవి రెండూ కలిసి నెలకు 20 దాకా వస్తుంటాయి.

లెక్కలపిచ్చి:
అయితే తాపనానికి పోయినవి 170. ఒక థర్మ్ అంటే లక్ష బీటీయూలు, మీ ఫర్నేస్ 80 శాతం కాబట్టి ఇంట్లోకి వచ్చినది నెలకు 1 కోటి 36 లక్షల బీటీయూలు. జనవరిలో 744 గంటలు, అంటే గంటకు సగటున 18,300. మిన్నియాపొలిస్ జనవరి సగటు ఉష్ణోగ్రత దాదాపు 16 డిగ్రీల ఫారెన్‌హీట్, బయట 65 దాటితే తాపనం అక్కరలేదనుకుని మామూలుగా లెక్కలు అక్కడి నుంచి కడతాం కాబట్టి తేడా 49 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి గంటకు 373 బీటీయూలు పడుతున్నాయన్నమాట.

ఇప్పుడు బయట మైనస్ 15 ఉందనుకోండి, తేడా 80 డిగ్రీలు, కావలసినది సుమారు 30,000. 2019 జనవరి 30న మిన్నియాపొలిస్‌లో మైనస్ 28 పడింది. ఆ చలిలో గ్యాస్ సరఫరా ఒత్తిడి తట్టుకోలేక ఎక్సెల్ ఎనర్జీ అనే గ్యాస్, కరెంటు సంస్థ వారు థర్మోస్టాట్లు తగ్గించుకోమని ఖాతాదారులను కోరారు. అంతటి రోజున కూడా మీ ఇంటికి 35,000 లోపే చాలు. 60,000 బీటీయూల, 96 శాతం ఫర్నేస్ ఇంట్లోకి 57,600 ఇస్తుంది, అదే మీకు ఎక్కువ. మీ బిల్లు నెల సగటు కన్నా వెచ్చనిదైనా, రాత్రి థర్మోస్టాట్ తగ్గించుకునే అలవాటున్నా ఈ అంకె కొంత పెరుగుతుంది గాని లక్ష దగ్గరికి మాత్రం రాదు.

పెద్దది పెడితే నష్టమేమిటని అడుగుతారేమో. అది ఐదారు నిమిషాలు మండి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. పై అంతస్తు పడకగది చేరేలోపే వేడి ఆగిపోతుంది. అంత గాలిని మోయడానికి మీ డక్టులు (గాలి గొట్టాలు) చాలకపోతే చప్పుడు, వేడి మితిమీరి మంటను ఆపేసే లిమిట్ స్విచ్ పడిపోవడం కూడా మొదలవుతాయి.

80 నుంచి 96 శాతానికి మారితే గ్యాస్ ఆరోవంతు తగ్గుతుంది, అంటే ఈ జనవరి 170 థర్మ్‌లు దాదాపు 142 అయ్యేవి. ఆ ఆదాకే ధర గిట్టుబాటు అవుతుందని ఎవరైనా చెబితే మీ బిల్లులోని థర్మ్ ధరతో హెచ్చవేసి చూసుకోండి.

రోచెస్టర్_ఇల్లాలు:
హీట్ పంప్ గురించి నా అనుభవం రాస్తాను. మా ఇంట్లో గ్యాస్ ఫర్నేస్, హీట్ పంప్ రెండూ జతగా ఉన్నాయి. అక్టోబరు, నవంబరు, మార్చి, ఏప్రిల్ నెలల్లో హీట్ పంప్ ఇంటిని ఎంత హాయిగా ఉంచుతుందో చెప్పలేను, వేడి సన్నగా ఎడతెరిపి లేకుండా వస్తుంటుంది. బాగా చలి పడినప్పుడు మాత్రం ఫర్నేస్‌కు మారిపోయేలా పెట్టించుకున్నాం. ఏ ఉష్ణోగ్రత దగ్గర మారాలన్నది అమ్మినవాడు ఊహించి పెట్టిపోతాడు, దాన్ని మన గ్యాస్, కరెంటు ధరలను బట్టి మనమే నిర్ణయించుకోవాలి.

లెక్క ఇలా ఉంటుంది. 95 శాతం ఫర్నేస్‌లో ఒక థర్మ్ కాలిస్తే 95,000 బీటీయూలు వస్తాయి. ఒక యూనిట్ కరెంటు 3,412 బీటీయూలు. హీట్ పంప్ పెట్టిన కరెంటుకు మూడు రెట్ల వేడి ఇచ్చే వాతావరణంలో అదే వేడికి సుమారు 9.3 యూనిట్లు, రెండు రెట్లకు పడిపోయే చలిలో 13.9 యూనిట్లు కావాలి. థర్మ్ డాలరు ఉందనుకుంటే, మొదటి సందర్భంలో యూనిట్ దాదాపు 10.8 సెంట్ల లోపు, రెండోదానిలో 7.2 సెంట్ల లోపు ఉంటేనే కరెంటు చవక. కొన్ని కరెంటు సంస్థలు శీతాకాలంలో తాపనానికి విడిగా తక్కువ రేటు ఇస్తాయి. అది మీకు దొరుకుతుందో లేదో ముందు కనుక్కోకుండా హీట్ పంప్ లాభనష్టాలు మాట్లాడుకోవడం గాలిలో మాట.

కొలిమివాడు:
పన్ను విషయంలో మూడో కొటేషన్ ఇచ్చిన అమ్మకందారు మాట తప్పు. హీట్ పంప్ ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు ఇచ్చిన ఫెడరల్ రాయితీ 2025 జూలైలో వచ్చిన చట్టంతో కుదించుకుపోయింది. 2025 డిసెంబరు 31లోగా బిగించి వాడుకలోకి తెచ్చిన వాటితోనే అది ముగిసింది. ఇప్పుడు పెట్టించుకునేవారికి రాదు. కరెంటు, గ్యాస్ సంస్థలు ఇచ్చే రిబేట్లు వేరు, వాటిని ఆ సంస్థల దగ్గరే నేరుగా చూసుకోండి.

ఇక ఈ రాత్రికే సంతకం చేయాలన్న ఒత్తిడికి లొంగకండి. ఇంట్లో కూర్చోబెట్టి సంతకం చేయించుకున్న చాలా ఒప్పందాలను మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన కింద ఉంది, రద్దు పత్రం అమ్మినవారే చేతికివ్వాలి. రేపు ఇవ్వలేని ధర ఈ రోజు మాత్రం ఎలా ఇస్తున్నారని అడిగితే ఏం చెబుతారో నాకూ వినాలని ఉంది.

కొటేషన్లు మూడింటిలోనూ శీతలకం పేరు రాయించుకోండి. ఆర్-410ఏ శీతలకం వాడే కొత్త గృహ ఏసీల తయారీని, దిగుమతిని 2025 జనవరి 1 నుంచి ఆపేశారు. ఇప్పుడు వస్తున్నవి ఆర్-454బీ, ఆర్-32 రకాలు. ఇవి స్వల్పంగా మండే గుణం ఉన్నవి కాబట్టి బిగింపు నియమాలు కూడా వేరు. చవక కొటేషన్ గిడ్డంగిలో మిగిలిన పాత సరుకుది అయ్యే అవకాశం ఉంది. అలాంటిది ఇప్పుడు బిగించవచ్చో లేదో ముందు కనుక్కుని, ఆ సంగతి తెలిసి ధర మాట్లాడుకోవాలి. బయటి యూనిట్, లోపలి కాయిల్ రెండూ జత కుదిరినవని చూపే, తయారీదారుల సంఘం ఏహెచ్‌ఆర్‌ఐ వారి ధ్రువపత్రం నంబరు కూడా రాయమనండి. తయారీ సంస్థ వారంటీకి బిగించిన తరువాత, సాధారణంగా 60 లేదా 90 రోజుల లోపు, నమోదు చేయకపోతే చాలా కంపెనీలు పదేళ్లను ఐదేళ్లకు తగ్గిస్తాయి. ఆ నమోదు ఎవరు చేస్తారో కూడా కాగితం మీద ఉండాలి.

చౌకబేరం:
ఇన్ని కాగితాలు అడిగితే మంచి పనివాడు కూడా పారిపోతాడు. అయినా వాటర్ హీటర్ మాట నేను ఆలోచించనిది, ఒప్పుకోవాలి. పర్మిట్ మీద మాత్రం నా మాట నాదే.

నిర్వాహకుడు:
సంస్థల పేర్లు, ఫిర్యాదులు ఇక్కడ బహిరంగంగా రాయవద్దని మనవి. ధరలు, పని వివరాలు నిరభ్యంతరంగా రాయవచ్చు.

ప్లిమత్_ఇల్లు:
అందరికీ కృతజ్ఞతలు. అగరుబత్తి పరీక్ష చేశాను. హుడ్ తక్కువ వేగంలో పొగ సరిగ్గానే గొట్టంలోకి పోయింది. పూర్తి వేగంలో తిప్పగానే ఒక్క క్షణం తటపటాయించి బయటికి వచ్చేసింది, దాంతో మా ఆవిడ ఆ రోజుకు పోపు మానేసింది. రెండోవారికి ఈ సంగతి చెబితే లైనర్‌కు బదులు గోడలోంచి పొగ వదిలే పవర్ వెంట్ వాటర్ హీటర్ పెట్టి, పొగగొట్టం అవసరమే లేకుండా చేద్దామని సూచించారు. బాండ్ వెతికితే అమలులో ఉంది. నగరం వారు కూడా ఆ సంస్థ తరచూ పర్మిట్లు తీసుకుంటుందని చెప్పారు. పగులు ఫొటో అడిగితే తనిఖీకి వచ్చిన సంస్థ ఇప్పటికీ పంపలేదు. 60,000 బీటీయూల సైజుకు తగ్గించి కొత్త కొటేషన్ పంపమన్నాను. ఒప్పందం ముందు డబ్బు విషయంలో ఏవైనా జాగ్రత్తలు ఉన్నాయా?

సెయింట్‌పాల్_పాతిల్లు:
పవర్ వెంట్ మంచి ఆలోచన. దాని ఫ్యాన్‌కు దగ్గరలో కరెంటు ప్లగ్ ఉందో చూడండి, లేకపోతే ఎలక్ట్రీషియన్ ఖర్చు చేరుతుంది. కరెంటు పోయినప్పుడు వేడినీళ్లు రావన్నది కూడా గుర్తుంచుకోండి. కొత్త పీవీసీ పైపుల నోళ్లు బయట మంచు గుట్ట పడే మూల కాకుండా, నేల నుంచి తగినంత ఎత్తులో పెట్టించండి. జనవరిలో ఫర్నేస్ ఆగిపోయిందని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం పైపు నోట్లో పేరుకున్న మంచు. ఆ నోళ్లు శుభ్రం చేసి, ఫిల్టర్ మార్చి, ఫర్నేస్ మీది చిన్న కిటికీలో లోపమేమిటో తెలిపే దీపం ఎన్నిసార్లు మినుకుతోందో ఫోన్‌తో వీడియో తీసుకున్న తరువాతే సెలవురోజు రేటుకు మనిషిని పిలవండి.

డబ్బు మాటకు వస్తే, సామాను ఇంటికి చేరేవరకు పెద్ద మొత్తం ఇవ్వకండి, చివరి చెల్లింపును నగరం తనిఖీ ఆమోదానికి ముడిపెట్టి రాయించుకోండి. కాంట్రాక్టరుకు డబ్బు ముట్టినా, ఆయన సామాను అమ్మిన గిడ్డంగికో ఉపకాంట్రాక్టరుకో బాకీ పడితే వారు మీ ఇంటి మీద లీన్ (బాకీ కోసం ఆస్తి మీద చట్టపరమైన హక్కు) వేయవచ్చు. ఈ రాష్ట్రంలో చివరి పని జరిగిన 120 రోజుల లోపు దాన్ని నమోదు చేసుకునే గడువు వారికి ఉంది. వారు పని లేదా సామాను ఇవ్వడం మొదలుపెట్టిన 45 రోజుల లోపు మీకు ముందస్తు నోటీసు వస్తే చింపి పారేయకుండా, అది పంపినవారి నుంచే లీన్ వదులుకున్నట్టు కాంట్రాక్టరు సంతకం తెచ్చి ఇచ్చిన తరువాతే చివరి చెక్కు రాయండి.